కొండ దారి: మన్యం ఏజెన్సీ ఎలా అయింది?

పోయిన నెల లంబసింగి చలి గురించి నేను రాసిన నాలుగు ముక్కలకి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. చెన్నైలో ఉన్న మనవాళ్లలో పాడేరు, అరకు వైపు వెళ్లొచ్చినవాళ్లు, ఆ వైపు చుట్టరికాలున్నవాళ్లు ఇంతమందా అని సంతోషం వేసింది. కొత్తగా చదివేవారికి ఒక్క మాట: జి.మాడుగుల దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో 19 ఏళ్లు సోషల్ చెప్పాను. రిటైరయ్యాక పల్లావరంలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి జవాబులు రాస్తున్నాను. మొదటిది కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

*

ప్రశ్న: టీచరుగారికి నమస్కారం. మా కోడలిది పాడేరు. పెళ్లి కుదిరినప్పుడు మా బంధువుల్లో ఒకాయన "ఏజెన్సీ పిల్లా?" అని అడిగారు. అప్పుడు నేను పట్టించుకోలేదు. ఇప్పుడు మా మనవరాలు ఎవరి నోటో ఆ మాట విని, "నానమ్మా, ఏజెన్సీ అంటే గ్యాస్ ఏజెన్సీలాంటిదా? అమ్మ వాళ్ల ఊరికి ఆ పేరేంటి?" అంటోంది. ఏం చెప్పమంటారు?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: అమ్మా, ముందు మీ మనవరాలిని ఒక ఆదివారం లోకల్ ట్రైన్‌లో ఫోర్ట్ స్టేషన్ దాకా తీసుకెళ్లి, సెయింట్ జార్జి కోట గోడ చూపించండి. వాళ్లమ్మ పుట్టిన ఊరికి ఆ పేరు రావడం వెనక ఆ కోట ఉంది.

పాడేరు, అరకు వైపు కొండలకి అసలు పేరు మన్యం. కింద మైదానంలో విశాఖపట్నం జిల్లా 1802లో శాశ్వత శిస్తు కిందికి వచ్చింది. జమీందారు, కోర్టు, అమీను, వేలం, అన్నీ వచ్చాయి. అవే పద్ధతుల్ని కొండల మీద కూడా నడపబోతే ఎదురు తిరిగారు. 1830లలో విశాఖ, గంజాం జిల్లాల్లో ఒకచోట ఆరితే ఇంకోచోట అంటుకుంది. మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్ అనే అధికారిని స్పెషల్ కమిషనరుగా పంపింది. ఆయన చూసొచ్చి, ఈ కొండల్లో మామూలు కోర్టులు పనికిరావు, అధికారమంతా కలెక్టరు ఒక్కడి చేతిలో పెట్టండి అన్నాడు. దాని ప్రకారమే 1839లో 24వ చట్టం వచ్చింది. ఆ చట్టంతో కలెక్టరుకి కొండల వరకూ కొత్త హోదా ఒకటి ఇచ్చారు. సెయింట్ జార్జి కోట గవర్నరుకి, అంటే మద్రాసు గవర్నరుకి, ఏజెంటు! అంటే నర్సీపట్నంలో ఉన్నంతసేపూ ఆయన కలెక్టరు. ఘాట్ రోడ్డు ఎక్కాడంటే ఆయనే ఏజెంటు, ఆయనే జడ్జీ. ఏజెంటు పాలించే చోటు కాబట్టి ఏజెన్సీ. ఒక ఆఫీసరు హోదా వందల ఊళ్లకి పేరైపోయింది.

అలాగని ఏజెంటు కొండ మీద కాపురం ఉన్నాడనుకోకండి. చలికాలంలో వచ్చి, గుడారం వేసి, తీర్పులు చెప్పి దిగిపోవడమే. అక్కడి చలిజ్వరం అంటే మైదానంలో పుట్టినవాళ్లకి ప్రాణభయం. అది మలేరియా. నిలవ నీళ్లలో కాదు, పారే సెలయేటి అంచుల్లో పెరిగే దోమ తెచ్చేది. నా మొదటి రెండేళ్లూ నేనూ దాని బారిన పడ్డాను. మూడు దుప్పట్లు కప్పినా ఒణుకు ఆగేది కాదు. హాస్టల్ పిల్లలు నా చుట్టూ కూర్చుని చోడి (రాగి) అంబలి తాగించేవారు.

దూరం నుంచి పాలించడం వల్ల ఏం జరిగిందో చూడండి. రోజువారీ అధికారం ముఠాదార్ల చేతిలో ఉండేది. ముఠా అంటే మనకిప్పుడు దొంగల గుంపు గుర్తొస్తుంది కానీ, కొండ మీద ముఠా అంటే కొన్ని ఊళ్ల సముదాయం. ఆ ఊళ్ల శిస్తు వసూలు చేసేవాడు ముఠాదారు. గోదావరి వైపు రంపలో ఈ ముఠాదార్ల మీద మన్సబుదారు ఉండేవాడు. ఆయన కల్లు మీద చిగురుపన్ను వేశాడు. ఇంట్లో తాగడానికి జీలుగు కల్లు గీసుకోవడం కూడా తప్పే అయింది. పైగా పోలీసుల వేధింపులు. 1879 మార్చిలో రంప తిరుగుబాటు మొదలైంది, పక్క మన్యాలకీ పాకింది. మద్రాసు నుంచి బోర్డ్ ఆఫ్ రెవెన్యూ సభ్యుడు సలివన్ వెళ్లి విచారించాక మన్సబుదారుని తీసేసి, ముఠాదార్లకి నేరుగా పట్టాలిచ్చారు. కానీ అది చల్లారీ చల్లారకముందే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. తాతల నాటి నుంచి పోడు (అడవి నరికి, కాల్చి చేసే సేద్యం) కొట్టుకున్న వాలు ఒక్క కాగితంతో రిజర్వు ఫారెస్టు అయిపోయింది.

ఆ తర్వాతి కథ మీకు తెలుసు. కానీ ఒక్క సంగతి చెప్పాలి. మనం లంబసింగి మంచు చూడ్డానికి నర్సీపట్నం నుంచి కారులో ఎక్కుతాం చూడండి, ఆ కొండదారి పనిలో కూలి సరిగ్గా ఇవ్వకుండా జనం చేత చాకిరీ చేయించాడని గూడెం తహసీల్దారు బాస్టియన్ మీద మన్యమంతా మండిపోయింది. అల్లూరి సీతారామరాజు వెనక గాం గంటందొర, గాం మల్లుదొర లాంటివాళ్లు నడవడానికి ఆ మంట ఒక పెద్ద కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజుని కాల్చి చంపేదాకా అది ఆగలేదు. ఆ కారు కిటికీలోంచి చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుండాలని నా క్లాసు పిల్లలకి ప్రతి ఏడూ చెప్పేదాన్ని. వాళ్లలో కొందరు ఆ కూలీల మునిమనవరాళ్లే.

స్వాతంత్ర్యం వచ్చాక ఆ ప్రాంతాలు రాజ్యాంగంలో ఐదో షెడ్యూలు, అంటే గిరిజన ప్రాంతాల పాలన కోసం పెట్టిన భాగం, కిందికి వచ్చాయి. 1959లో చేసి 1970లో గట్టిపరిచిన భూమి రెగ్యులేషన్ ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకి అమ్మకూడదు, రాసివ్వకూడదు. 1970లో ఒకటో రెగ్యులేషన్ కాబట్టి కొండ మీద దీన్నే "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. చదువురాని ముసలమ్మకి కూడా తెలిసిన ఇంగ్లీషు మాట అది. అనంతగిరి వైపు గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు, ప్రైవేటు కంపెనీలకి ఆ భూముల్ని ప్రభుత్వం కూడా లీజుకివ్వకూడదని తేల్చి చెప్పింది. ముఠాదారీ 1969లో రద్దయింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు పేరుతో జిల్లా వచ్చింది. విశాఖ కలెక్టరేట్‌లో ఒక సంతకం కోసం 110 కిలోమీటర్లు దిగివచ్చి, ఆఫీసరు లేడంటే చేతులూపుకుంటూ తిరిగి ఎక్కిన తల్లిదండ్రుల్ని నేను కళ్లారా చూశాను. అందుకే ఆ రోజు నాకు పండగే.

మీ బంధువు అడిగిన తీరు నాకు నచ్చలేదమ్మా. ఆ మాటలో తక్కువతనం ఏమీ లేదు, అడిగిన గొంతులో ఉంది. మీ మనవరాలికి ఇలా చెప్పండి: "మీ అమ్మది మన్యం. మద్రాసు గవర్నరు అక్కడికి తన ఏజెంటుని పెట్టాడు కాబట్టి ఆఫీసు కాగితాల్లో ఏజెన్సీ అని రాసుకున్నారు." ఏడేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది.

*

ప్రశ్న: టీచర్, మా ఇల్లు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర. కొండ మీద ఒక రాయి గురించి బోర్డు చూశాను. అలాంటి రాయే అరకు కొండల్లో కూడా ఉంటుందని మా సార్ అన్నారు. నిజమేనా?
– 10వ తరగతి విద్యార్థి

జవాబు: నిజమే బాబూ, మీ సార్ మంచి మాట చెప్పారు. దాని పేరు చార్నొకైట్. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీద పెట్టిన పలక మీ పల్లావరం రాయే. థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడ ఆ రాయిని పరిశీలించి, ఆ సమాధిని బట్టి దానికి పేరు పెట్టాడు. మీరు చూసిన బోర్డు జియొలాజికల్ సర్వేవాళ్లది, ఆ చోటుని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించారు.

మా వీధి చివర పాత ఇంటి మెట్టు ఒకటి ఆ రాయే. వాన పడ్డాక వెళ్లి చూశాను. నూనె రాసినట్టు మెరుస్తుంది. నల్లగా కనిపిస్తుంది కానీ దగ్గరికి వంగి చూస్తే నలుపు కాదు, నీలం కలిసిన బూడిద రంగు. అందులోని పలుగురాయి కూడా తెల్లగా ఉండదు, నీలిగా ఉంటుంది.

ఇలాంటి రాయి తూర్పు కనుమల్లో చాలాచోట్ల ఉంది. కాకపోతే మన్యంలో దానికి తోడుగా ఇంకొకటి ఎక్కువ. దాని పేరు ఖొండలైట్. ఖోండులనే కొండజాతి వారి పేరు మీద పెట్టారు. కోణార్క గుడి ఎక్కువగా కట్టింది ఆ రాయితోనే. ఎర్రమట్టి రంగులో, చేత్తో రాస్తే పొడి రాలేలా ఉంటుంది. మా బడి వెనక గెడ్డలో (వాగులో) పిల్లలు ఆడుకుంటూ ఎర్రటి చిన్న గింజలు ఏరుకొచ్చేవారు, దానిమ్మ గింజల్లా. అవి గార్నెట్లు, ఆ రాయి అరిగి బయటపడ్డవి. ఒకసారి ఆరో తరగతి పిల్ల ఒకతి వేళ్లనిండా నలుపు పూసుకుని వచ్చింది. సిరా ఒలకబోసుకున్నావా అని కేకలేస్తే, జేబులోంచి రాయి తీసి చూపించింది. అందులో గ్రాఫైటు పొరలున్నాయి. పెన్సిల్లో ఉండేది అదే. ఆ రాయితోనే నోటుబుక్కులో తన పేరు రాసి చూపించింది. ఆ రోజు పాఠం పుస్తకంలోంచి చెప్పలేదు.

ఈ ఖొండలైట్ కొండల నెత్తిమీద ఎండకీ వానకీ లక్షల ఏళ్లు నానిన చోట మిగిలిందే బాక్సైటు. గనుల గొడవలన్నీ దాని గురించే.

ఇంకో ముచ్చట. మన పల్లావరం రాయి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. మన్యం కొండలు వేడికీ ఒత్తిడికీ ఉడికి ఇప్పటి రూపానికి వచ్చింది సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట. అంటే వయసులో నీ ఇంటి దగ్గరి చిన్న గుట్టే పెద్దది!

*

ప్రశ్న: పాడేరు కొండల మీద పడిన వాన ఎటు పోతుంది? మ్యాప్‌లో చూస్తే నదులన్నీ తలో వైపూ ఉన్నాయి. సముద్రం అంత దగ్గర ఉన్నా అన్నీ అటే ఎందుకు పోవు?
– ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: నాకు చాలా ఇష్టమైన ప్రశ్న అడిగారండీ. కొండల వరస అంచు సముద్రం వైపు నిట్రంగా దిగుతుంది. ఆ పక్కన పడిన చుక్క గోస్తని, శారద, వరాహ, తాండవ లాంటి నదుల్లో చేరి గబగబా బంగాళాఖాతానికి పోతుంది. గోస్తని దారిలో సున్నపురాయిని కరిగించుకుంటూ పోతేనే బొర్రా గుహలయ్యాయి.

అంచుకి ఇవతల పడిన చుక్కకి ఆ తొందర లేదు. అక్కడ ఘాట్ ఎక్కాక నేల దాదాపు మైదానంలా పరుచుకుంటుంది, 900 మీటర్ల ఎత్తులో వరి మళ్లు కనిపిస్తాయి. ఆ నీళ్లు మాచ్‌ఖండ్ నదిలో కలుస్తాయి. మాచ్‌ఖండ్ అంటే మన మత్స్యకుండమే. పాడేరు దగ్గర మత్స్యగుండంలో చేపల్ని పట్టరు, దేవుడివని మొక్కి మేత వేస్తారు. మడుగులో బొరుగులు వేస్తే నీళ్లు కనిపించకుండా వీపులు తేలతాయి. ఆ నది ముందు ఉత్తరానికి పోతుంది, సముద్రానికి వీపు తిప్పి. ఆంధ్రా, ఒడిశా సరిహద్దు గీస్తూ వెళ్లి, డుడుమ దగ్గర ఒక్కసారిగా లోయలోకి దూకుతుంది. అక్కడే మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు కలిసి తలపెట్టిన కరెంటు కేంద్రం 1955లో పని మొదలుపెట్టింది. ఆ తర్వాత నైరుతికి మళ్లి, సీలేరు అని పేరు మార్చుకుని, శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిని చేరుతుంది. పాపికొండలు దాటి, రాజమండ్రి బ్రిడ్జి కిందుగా వచ్చి, అప్పుడు సముద్రం.

జి.మాడుగుల వైపు గట్టు మీద నిలబడి చెంబుడు నీళ్లు అటూ ఇటూ పోస్తే, ఒక చెంబు అనకాపల్లి వైపు పోతుంది, రెండోది రాజమండ్రి చూసి వస్తుంది. పిల్లలకి అలా పోసి చూపించేదాన్ని.

*

ప్రశ్న: ఫిల్టర్ కాఫీ లేనిదే తెల్లవారని ఊరు మనది. అరకు కాఫీ ఈమధ్య వచ్చిందా, పాతదా?
– ఒక పాఠకురాలు, టి.నగర్

జవాబు: పాతదేనమ్మా. 1898లో పాములేరు లోయలో ఇంగ్లీషువాళ్లు మొదట వేశారు. గిరిజన రైతుల సొంత తోటలుగా పెరిగింది మాత్రం స్వాతంత్ర్యం తర్వాతే. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సిల్వర్ ఓక్ నీడలో కాఫీ, ఆ చెట్టుకే మిరియం పాదు. నవంబరు వచ్చిందంటే పండ్లు కోత. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నీడచెట్లని వేల లెక్కన కూల్చేసింది. 2016 డిసెంబరులో వర్దా తుపాను మర్నాడు మన చెన్నై రోడ్లు ఎలా ఉన్నాయో గుర్తుందిగా, తోటలు అలా ఉండేవి. కొత్త నీడ పెరిగేదాకా రైతులు ఏళ్లు ఓపిక పట్టారు. మీరు కొనేటప్పుడు చికోరీ కలపని పొడి అడగండి, అప్పుడే ఆ రుచి తెలుస్తుంది.

*

ప్రశ్న: నమస్తే టీచర్. శ్రీపెరంబుదూరులో ఫ్యాక్టరీలో చేస్తున్నాను. మాది ముంచంగిపుట్టు వైపు ఊరు. రూమ్‌లో వాళ్లు "మీది వైజాగా?" అంటే అవునని ఊరుకుంటాను. వివరంగా చెప్పాలంటే టెన్షన్‌గా ఉంటుంది. మొన్న కోరాపుట్ నుంచి ఒక ఒడిశా అబ్బాయి చేరాడు. ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతుంటే మా అమ్మమ్మ మాట్లాడినట్టే ఉంది. రెండు రాష్ట్రాలు కదా, ఎలా కుదిరింది?

జవాబు: నాయనా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ అబ్బాయి నీకు పరాయివాడు కాదు. 1936 ఏప్రిల్ 1 దాకా కోరాపుట్ కూడా మన మద్రాసు రాష్ట్రంలో, విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. జయపురం జమీందారీ అంటే అదంతా. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు కొండల మధ్య గీత పడింది. గీత మనుషుల మధ్య పడింది కానీ మాటల మధ్య పడలేదు. మీ అమ్మమ్మ మాట్లాడే ఆదివాసీ ఒరియా, వాళ్ల దేశియా దాదాపు ఒకటే. సంతల్లో కొండజాతులన్నీ బేరాలాడుకునేది ఆ మాటలోనే. ఊళ్ల పేర్లు చూడు: మీది ముంచంగిపుట్టు, వాళ్లది కోరాపుట్, మధ్యలో డ్యామున్నది జోలాపుట్. వైపు మారినా పేరు చివర మారలేదు.

వైజాగ్ అని చెప్పడం అబద్ధం కాదు. కానీ ఈసారి అడిగితే "మాచ్‌ఖండ్ నది పక్కన, ముంచంగిపుట్టు" అని చెప్పి చూడు. నది పేరు చెప్తే తర్వాతి ప్రశ్న దాని గురించే వస్తుంది. డుడుమ దగ్గర నీళ్లు ఎలా దూకుతాయో చెప్పడానికి నీకు టెన్షన్ ఎందుకు? నువ్వు చూసిందే కదా.

నాకొక సాయం చెయ్యి. నేను క్లాసులో వాడిన సర్వే మ్యాపుల్లో మీ వైపు కొండలు చాలావాటికి ఎత్తు అంకె మాత్రమే రాసి ఉండేది, పేరు ఉండేది కాదు. పండక్కి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మని వాకిట్లో కూర్చోబెట్టి, ఎదురుగా కనిపించే ఒక్కో కొండకీ ఏమంటారో అడుగు. ఆవిడ ఎలా పలికితే అలాగే రాసి పంపు. ఆ కోరాపుట్ అబ్బాయిని కూడా వాళ్లమ్మని అడగమను. రెండు జాబితాలూ వచ్చే నెల ఈ పేజీలోనే వేస్తాను.